జమ్మిచెట్టుపై దాచిన విద్య
(నడిగూడెంలో విజయదశమి నాటి ప్రసంగ పాఠము)



విరాటపర్వ కథ మనకందరకూ తెలిసినదే. పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టుపై దాచి విరాటుని కొలువులో చేరారు. ధర్మరాజు రాజుకు జూదంలో తోడయ్యాడు. భీముడు వంటశాలలో గరిటె పట్టాడు. అర్జునుడు బృహన్నలయై ఉత్తరకు నాట్యం నేర్పాడు. నకులుడు గుఱ్ఱాలను, సహదేవుడు గోవులను కాచారు. మరి వారి విద్య ఎక్కడికి పోయినది? ఎక్కడికీ పోలేదు. కాలం అనుకూలించలేదు, అంతే.

ఈ కథను నేడు తలచుకొనుటకు కారణమున్నది. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలిపోయినది. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధిపతి తమ లెక్కలు తప్పుడువని ఒప్పుకొన్నారు. ఫీజుల చెల్లింపు పథకం వలన ఇంజనీరింగు చదువు పేదవాని గడపకు చేరినది కూడా ఆ రోజులలోనే. ఒక తలుపు తెరచుకొన్నవేళ మరొకటి మూసుకొన్నది. నియామక పత్రం అందినవారిలోనూ అనేకులకు చేరుమన్న పిలుపు నెలల తరబడి రాలేదు. 2020లో కరోనా వేళ పట్టభద్రులు సైతం పలుగు, పార పట్టి ఉపాధి హామీ పనులకు వెళ్లారు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. 2009లో పండుగకు వచ్చిన ఒక యువకుణ్ణి గుడి మెట్లపై పదిమందిలో, “నాయనా, ఉద్యోగం వచ్చిందా?” అని అడిగాను. “చూస్తున్నానండీ, పంతులుగారూ” అని తల వంచుకొన్నాడు. తరువాత రెండేండ్లు అతడు పండుగకు రాలేదు. ఆ ప్రశ్నకు జంకి అమీర్‌పేటలోని అద్దెగదిలోనే ఉండిపోయాడని తండ్రి చెప్పగా తెలిసినది. చదువుకై ఎకరం తాకట్టు పెట్టిన ఇల్లు అది. ఆ భారం అతడెరుగనిదా? నేను గుర్తుచేయవలెనా?

మాంద్యకాలంలో పట్టా పుచ్చుకొన్నవారి జీతాలు ఏండ్ల తరబడి వెనుకబడి ఉంటాయని, ఆ లోటు పూడుటకు సుమారు 10 సంవత్సరాలు పడుతుందని కెనడా పట్టభద్రులను పరిశీలించిన ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అంటే లోపం బిడ్డలో లేదు; వాడు గడప దాటిన ఏడాదిలో ఉన్నది.

యువకులారా! మన నడిగూడెం గతమే చూడండి. మునగాల సంస్థానానికి దివానైన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఎం.ఏ. చదివినవారు. సంస్థాన వ్యవహారాలు చూచుట ఆయన ఉద్యోగం. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు పూనుకొని, రాజా నాయని వెంకట రంగారావుగారి అండతో తెలుగువారికి చరిత్ర, శాస్త్ర గ్రంథాలందించుట ఆయన జీవితకార్యం. కూటికి చేసే కొలువు వేరు, జన్మకు చేసే పని వేరు. దొరికిన కొలువును చిన్నబుచ్చకండి. నేర్చిన విద్యను తుప్పు పట్టనీయకండి. దొడ్డిదారి ఉద్యోగమిప్పిస్తామనే దళారికి తండ్రి భూమిని ధారపోయకండి.

ఒక్క భేదం మాత్రం మరువరాదు. అజ్ఞాతవాసం ఏడాదియేనని పాండవులకు తెలుసు. మన బిడ్డలకు గడువు తెలియదు. కనుక వారి పరీక్ష మరింత కఠినం. ఆ పరీక్షలో పెద్దలు కౌరవుల వేగులవారివలె ఆచూకీ తీయరాదు, జమ్మిచెట్టువలె కాపాడాలి.

నేటి సాయంకాలం మీ చేతిలో జమ్మి ఆకు పెట్టి మ్రొక్కే బిడ్డను ఉద్యోగం సంగతి అడగకండి. “అన్నం తిన్నావా, నాయనా?” అని అడగండి. వాని సంగతి వాడే చెబుతాడు.

స్వస్తి.