కొల్లేటి చేపలు – పరిమాణ నియమము
(వార్షిక మహాసభయం దొసగిన యుపన్యాసము)



బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేరులు తెచ్చు నీటిని గర్భమున దాల్చి, ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు విడుచు కొల్లేరు మన వడ్డి కులమువారికి అన్నపూర్ణ. ఈ సరస్సు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడెను; 2002లో రామ్‌సార్ ఒడంబడికయందు చేరెను; 2006లో +5 కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టబడెను. గట్లను గూర్చి చాల చర్చించితిమి గాని, ఎంత చేపను పట్టవలెను, ఎంత చేపను విడువవలెను అను ప్రశ్నను తగినంతగా విచారింపమైతిమి.

ఒక్కసారియైనను జన పెట్టకమున్నే పట్టిన చేప సంతతిలేని చేప. అది ఎదిగి తూగవలసిన బరువును గూడ మనమే పోగొట్టుకొన్నవార మగుదుము. అందుచేతనే 1897 నాటి భారత మత్స్య చట్టము వలల కొలతలను నియమించు నధికారమును ప్రభుత్వముల కిచ్చెను.

అయినను ఒకే కన్నుగల వలతో కొల్లేటినంతను ఏలరాదు. ఎదిగిన పరిగె వాలుగపిల్లకంటె చిన్నది. వాలుగకై కన్ను పెంచితిమా, పరిగె చిక్కదు; పరిగెకై తగ్గించితిమా, వాలుగపిల్లలు మిగులవు. కావున జాతికొక కొలత యుండవలెను. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి గాలి పీల్చు చేపలు. మావులో పడిన పిల్లను వెంటనే నీట విడిచిన బ్రతుకును. వలకంట మొప్పలు చిక్కి నలిగిన బొచ్చెపిల్లను విడిచినను ప్రయోజనము స్వల్పము. అచ్చట నియమము చేతికి గాక వలకంటికే యుండవలెను.

చిన్నవాటిని విడిచి పెద్దవాటి నెల్ల పట్టుటయు క్షేమము కాదు. పెద్ద తల్లిచేప చిన్నదానికంటె అనేక రెట్లు జన పెట్టును. అమెరికాయందు కానోవర్, మంచ్ అను శాస్త్రజ్ఞులు ఒక చిన్న సముద్రపు చేపను తొట్లలో పెంచి, ప్రతితరమునను పెద్దవాటినే యేరి తీసివేయగా, నాలుగు తరములలోనే చేపల పరిమాణము తగ్గిపోయెనని 2002లో ప్రకటించిరి. గట్టిగింజలు తిని తాలుగింజలు విత్తనమున కుంచుకొన్న రైతు గతియే మనకును పట్టును. కొర్రమీను జంట తన పిల్లల గుంపును కాచుకొనును. ఆ జంటను కొట్టినచో గుంపంతయు ఇతర చేపల పాలగును. కావున నియమమునకు అడుగుహద్దుతోపాటు పైహద్దును ఉండవలెను.

నియమము చెప్పుట సులభము. ఆకలి కోర్చుట కష్టము. తట్ట నెత్తికెత్తుకొని చిరుచేప లమ్ముకొను సోదరి పొయ్యి నార్పి సరస్సును కాపాడుదుమనుట ధర్మము కాదు. కావున కొలతలను లంకగ్రామములవారే కూడి నిర్ణయించుకొందురు గాక. తొలకరి నీటికి చేప యెదురెక్కు దారులలో కొన్నిదినములు వల కట్టకుందురు గాక. చిన్నకన్ను వలలకు మారుగా పెద్దకన్ను వలలు కొనుటకు పోషకులు నిధి నేర్పరచుదురు గాక. ఏలూరు, తాడేపల్లిగూడెము వర్తకులు కొర్రపిల్లలను, వాలుగపిల్లలను కొనమని మాట యిత్తురు గాక. కొనువాడు లేనిచో పట్టువాడు నుండడు.

నీరు చెడి, ఉప్పుటేరు పూడినచో ఏ కొలబద్దయు కొల్లేటిని రక్షింపజాలదు. అయినను ఆ పనులు ప్రభుత్వమువారి చేతిలోనివి. వలకన్ను మన చేతిలోనిది. మన చేతిలోని పనిని మనము ముందుగా చేసిననే తక్కిన వానికై గట్టిగా అడుగగలము. ఈ మహాసభ యట్లు తీర్మానించుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.