సెలవులు బడికే, చదువుకు కాదు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మా చదువూ ఉద్యోగమూ ఉర్దూలోనే. తెలుగు మాత్రం బజారులో, బస్సులో నేర్చుకున్నాము. తప్పులు దొర్లితే మన్నించగలరు.

2025లో మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు ఇచ్చారు. ఎండల్లో పిల్లలకు విశ్రాంతి కావాలి, కాదనము. మామిడి పండ్లు తినాలి, నానీ ఇంటికి పోవాలి, గల్లీలో క్రికెట్ ఆడాలి. కాని బడి తెరిచేసరికి మా ముందు కూర్చునేది ఏప్రిల్‌లో వెళ్లిన పిల్లవాడు కాదు. గడగడా చదివినవాడు కూడబలుక్కుంటాడు. భాగాహారం చేసినవాడు ఎక్కాల దగ్గరే ఆగిపోతాడు.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 1996లో అమెరికాలో హారిస్ కూపర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 39 పరిశీలనలను కలిపి చూచి, వేసవిలో సుమారు ఒక నెల చదువు వెనక్కు పోతుందన్నారు. చదవడంలో వెనుకబడినవారు ముఖ్యంగా పేద ఇళ్ల పిల్లలే. మన దేశంలో కరోనాకు బడులు మూతపడినప్పుడు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వారు 5 రాష్ట్రాల్లో 16,067 మంది పిల్లలను పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చారు. వెనుకటి ఏడు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి పోగొట్టుకున్నవారు నూటికి 92 మంది.

ఇక మా తప్పొకటి చెప్పుకుంటాము. మా తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రి ఆటో నడుపుతాడు. ఏడో తరగతి అయిన వేసవిలో స్కూటర్ మెకానిక్ దగ్గర పనికి పెట్టారు. "సెలవులే కదా సాబ్, జూన్‌లో పంపిస్తాము" అన్నారు. జూన్ వచ్చింది, వాడు రాలేదు. వస్తాడులే అనుకొని రిజిస్టరులో గైరుహాజరు వేస్తూ పోయాము. ఆగస్టులో వెతుక్కుంటూ పోతే షెడ్డు ముందు కనబడ్డాడు. "సర్, పానాల నంబర్లన్నీ వచ్చు. కితాబ్ పట్టుకుంటేనే భయమేస్తుంది" అన్నాడు. మళ్లీ బడికి రాలేదు. జూన్ మొదటి వారంలోనే ఆ ఇంటి తలుపు తట్టి ఉంటే వచ్చేవాడేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏండ్ల లోపు పిల్లలను పనికి పెట్టుకోకూడదు. బడి వేళలు కానప్పుడు, సెలవుల్లో సొంత ఇంటి వ్యాపారంలో సాయం చేయవచ్చు, అదీ ప్రమాదం లేని పని అయితేనే. అబ్బా దుకాణంలో కూర్చున్న పిల్లవాడి చేత చిట్టా రాయించండి, చిల్లర లెక్క కట్టించండి. అదీ చదువే.

ఇంట్లో ఏం చేయాలి? రోజుకు అరగంట పైకి చదివించండి. "మాకు చదువు రాదు కదా" అని తల్లులు అంటారు. చదువు రానక్కరలేదమ్మా. పక్కన కూర్చొని విని, "తరువాత ఏమైంది?" అని అడిగితే చాలు. చిన్నవాళ్లను ఆడిస్తూ ఇంటిపట్టున ఉండిపోయే ఆడపిల్ల వాళ్లకే కథ చదివి వినిపించవచ్చు. ఉర్దూ ఒక రోజు, తెలుగు ఒక రోజు. 2018 చట్టంతో మన రాష్ట్రంలో బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. మా పిల్లలు తడబడేది అక్కడే. బషీర్‌బాగ్ నుంచి నారాయణగూడ దాకా నడిపించి దుకాణాల బోర్డులు చదివించండి. కరెంటు బిల్లు వాళ్ల చేతికివ్వండి. దీనికి ఖర్చేముంది?

చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి అశోక్‌నగర్ గదుల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు పొద్దస్తమానం అక్కడ చదువుకునే యువకులను మీరు చూచే ఉంటారు. మన పిల్లలకు అది అరగంట నడక. ఎంతమంది ఆ గుమ్మం తొక్కారు? వారానికొకసారి ఎవరో ఒక పెద్దమనిషి పది మంది పిల్లలను తోలుకొని పోతే చాలు. నౌబత్ పహాడ్ మీద 1985లో ప్రారంభమైన బిర్లా ప్లానెటేరియం కూడా మనకు దగ్గరే. ఒక సాయంత్రం చూపించి, చూచినది నాలుగు వాక్యాలు రాయించండి.

చివరగా సొసైటీ వారికి రెండు మనవులు. ఒకటి, ఇంటర్, డిగ్రీ చదివే మన పిల్లలు సెలవుల్లో రోజుకొక గంట చిన్నవారికి చెప్పేట్టు ఏర్పాటు చేయండి. చోటు పెద్దది అక్కరలేదు, ఎవరి ఇంటి వరండా అయినా సరే. రెండవది, బడి తెరిచిన మొదటి వారంలో రాని పిల్లల పేర్లు బడి నుంచి మేము తెస్తాము. సభ్యులు ఇద్దరు మా వెంట రండి, ఆ ఇళ్లకు పోదాము. ఆగస్టు దాకా ఆగితే ఏమవుతుందో మేము చూచాము.