స్విచ్చి లేని చెవి యంత్రములు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము చాల చిన్నది. తీగ లేకయే ఫోనులోని మాటను చెవికి అందించు యంత్రములు కొన్ని యిటీవల మన యిండ్లలో ప్రవేశించినవి. మెడలో వేసికొను నెక్‌బ్యాండ్లు, డబ్బీలో దాచుకొను ఇయర్‌బడ్లు, తలపై ధరించు హెడ్‌ఫోన్లు అని వీనిలో మూడు జాతులు కలవు. వీనిలో పెక్కింటికి ఆపుటకు వేరుగా స్విచ్చి యుండదు. స్విచ్చి లేనిది తనంతట తానే ఆగునని మనవంటి పెద్దవారు తలంతురు. నేనును అట్లే తలచి యొక తప్పు చేసితిని. ముందుగా దానిని విన్నవించి, పిదప నేను నేర్చుకొనిన సంగతులను చెప్పెదను.

నేను చాల సంవత్సరములు తెలుగు పండితుడనుగా నుద్యోగము చేసి, యిప్పుడు బెజవాడ సత్యనారాయణపురమున కాపురమున్నాను. నాకు చెవి కొంచెము మందము. ఫోనును చెవికి ఆనించుకొనినచో సగము మాటలు జారిపోవును. అది చూచి మా చిన్నవాడు ఒక నెక్‌బ్యాండు కొని తెచ్చెను. రెండు చెవులను వినబడుటచేత నాకు మాట తేటపడెను. పగలెల్ల వాడుకొని, రాత్రి పండుకొనునపుడు దానిని మంచము ప్రక్కనున్న మేకునకు తగిలించెడివాడను.

క్రిందటి యేడు మే నెలలో ఒకనాటి రాత్రి దివిసీమలోని అవనిగడ్డ నుండి మా అక్కయ్య ఫోను చేసెను. నెక్‌బ్యాండు మెడలో వేసికొంటిని. అది చెవిలో ఇంగ్లీషున ఏదో గొణిగి, వెంటనే మూగవోయెను. ఫోను చెవికి ఆనించుకొంటిని. ఆమె యేదో చెప్పుచున్నది. నాకు ముక్కలు ముక్కలుగా వినబడుచున్నది. ఆమె మనసు కష్టపెట్టనేల యని "సరే అక్కయ్యా, సరే" యంటిని. ఆ మాటయే కొంప ముంచినది.

మరునాడు ఉదయము పదిగంటల వేళ మా మేనల్లుడు ఫోను చేసి "అమ్మ క్షేమంగా చేరిందా?" అని అడిగెను. ఆ మాట విన్నది మా యింటియామె. నేను పరుగు పరుగున పండిట్ నెహ్రూ బస్ స్టేషనునకు పోయితిని. డెబ్బదియైదేండ్ల మా అక్కయ్య, చూపు సరిగా ఆననిది, ఆవకాయ జాడీ ఒడిలో పెట్టుకొని యొక బల్లపై కూర్చుండియున్నది. ఏడున్నరకు బస్సు దిగినదట. నేను చేరుసరికి పదిన్నర. మూడు గంటలు ఆ యుక్కలో మంచినీళ్ళకైనను లేవలేదు. లేచినచో నేను వచ్చి వెదకుకొందునని భయమట. నన్ను చూచి కోపపడలేదు. "నువ్వే సరే, వస్తానన్నావు గదరా తమ్ముడూ" అని మాత్రమన్నది. వినబడలేదని చెప్పుటకు సిగ్గుపడుట నా మొదటి తప్పు. చేతిలోని వస్తువు తీరు తెలిసికొనకుండుట రెండవ తప్పు.

ఆ సాయంకాలమే కాగితము, కలము తీసికొని పరీక్షకు పూనుకొంటిని. మొదటి రాత్రి నెక్‌బ్యాండును నిండుగ ఛార్జి చేసి, ఎప్పటివలెనే మేకునకు తగిలించితిని. తెల్లవారి చూడగా ఫోనులో నూటికి 60 పాళ్ళు మాత్రమే చూపినది. రెండవ రాత్రి మరల నింపి, చెవి కొసలు రెండింటిని కలిపి అంటించి పెట్టితిని. ఉదయమునకు 100 పాళ్ళును చెక్కు చెదరలేదు. అప్పుడు గుట్టు తెలిసినది. ఆ కొసలలో అయస్కాంతములు కలవు. అవి యొకటినొకటి అంటుకొనిన నా యంత్రము నిద్రించును; విడివడిన మేల్కొనును. మేకునకు వ్రేలాడునపుడు కొసలు రెండును ఎడమెడముగ నుండుటచేత, నేను నిద్రించుచుండగా అది రాత్రియంతయు మేల్కొనియే యున్నది.

మన శాస్త్రములు చెప్పు జాగ్రత్, స్వప్న, సుషుప్తులు ఈ యంత్రములకును కలవని చెప్పవచ్చును. మాట వినిపించునపుడు జాగ్రదవస్థ. మాట ఆగినను ఫోనుతో బ్లూటూత్ సంబంధము తెగనిచో, ఎప్పుడు పిలుపు వచ్చునో యని కాచుకొనియుండును; ఇది స్వప్నావస్థ. సంబంధము తెగి కొన్ని నిమిషములు గడచిన పిదపనే పెక్కు యంత్రములు సుషుప్తి నొందును. ఫోను ప్రక్కనే యున్నంతవరకు సంబంధము తెగదు. తెగనంతవరకు గాఢనిద్ర రాదు. మాట వినబడుట లేదు గనుక ఆగినదని మనము భ్రమపడుదుము.

బ్లూటూత్ అనగా కొద్దిదూరములో తీగ లేకుండ మాటను పంపు రేడియో పద్ధతి. 1994 లో స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థలో దీని పని ఆరంభమైనది. పదియవ శతాబ్దపు డెన్మార్కు రాజొకని మారుపేరు దీనికి పెట్టిరి.

ఇంత స్వల్పమైన ఖర్చునకు బ్యాటరీ యేల తరుగవలెనని మీరడుగవచ్చును. బడిపంతులును గనుక ఒక లెక్క చెప్పెదను. నేటి ఫోనులో సాధారణముగా 5,000 మిల్లీ ఆంపియర్ గంటల నిలువ యుండును. నెక్‌బ్యాండులో 150 అనుకొందము. అనగా ముప్పదిమూడవ వంతు. ఒక మిల్లీ ఆంపియరు వంతున కారినను 150 గంటలలో, అనగా ఆరు దినముల ఆరు గంటలలో అది వట్టిపోవును. అయిదు వంతున కారినచో 30 గంటలే. ఇయర్‌బడ్డులోని నిలువ ఇంకను చిన్నది. మడిగట్టునకు ఎండ్రకాయ బొరియ పడినచో పెద్ద చెరువునకు లెక్క లేదు గాని, చిన్న మడి తెల్లవారుసరికి ఎండును గదా.

ఇక చేయవలసిన పనులు. నెక్‌బ్యాండు గలవారు వాడుక ముగియగానే కొసలను అంటించి, చుట్టచుట్టి పెట్టవలెను. కొన్నింటిలో కొసలు అంటుకొనినను పాట మాత్రమే ఆగును, యంత్రము ఆగదు. అట్టివానికి మధ్యనున్న బొత్తామును కొన్ని క్షణములు నొక్కిపట్టవలెను. ఇయర్‌బడ్లు గలవారు వానిని డబ్బీలో సరిగా కూర్చుండబెట్టి మూత వేయవలెను. చెవి గుమిలియో చెమటయో లోపలి లోహపు చుక్కలకు అంటినచో అవి ఛార్జి కాక, డబ్బీలోనే మేల్కొనియుండును, పొడిగుడ్డతో తుడువవలెను. తలపై ధరించువానిలోను స్విచ్చి లేనివి కలవు. 2020 లో ఆపిల్ సంస్థవారు విడుదల చేసిన ఎయిర్‌పాడ్స్ మాక్స్ అట్టిదే. దానిని తన సంచిలో పెట్టిననే త్వరగా నిద్రించును. ఏ జాతిదైనను, రాత్రి ఫోనులో బ్లూటూత్ ఆపుట మేలు. అనుమానమున్నవారు నావలె రెండు రాత్రులు పరీక్షింపుడు.

మన పాత యలవాట్లలో రెండు ఇచ్చట పనికిరావు. 1948 డిసెంబరు 1 వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన పిదప చాల యేండ్ల వరకు, కరెంటు లేని గ్రామములలో రేడియోలు బ్యాటరీలతోడనే పలికెడివి. నా చిన్ననాట ట్రాన్సిస్టరు చక్రమును వెనుకకు త్రిప్పగా టిక్కుమని యాగెడిది. ఆ టిక్కు వినుటకు మన చెవి అలవాటుపడినది. ఈ యంత్రములలో అది లేదు. ఇది మొదటిది. ఇక రెండవది: ఆ దినములలో సెల్లులు నీరసించినచో ఎండలో పెట్టెడివారము. ఇప్పటివి లిథియము అయాను ఘటములు. 1991 లో జపాను దేశపు సోనీ సంస్థవారు వీనిని విపణిలోనికి తెచ్చిరి. వీని నిర్మాణమునకు మూలమైన కృషికి 2019 లో గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురికి నోబెల్ బహుమానము లభించినది. వీనికి వేడి శత్రువు. రోళ్ళు పగులు రోహిణికార్తెలో కిటికీ గట్టున గాని, కారులో గాని వీనిని వదలరాదు.

ఇంకొక మాట. నెలల తరబడి వాడనిచో వట్టిదిగా దాచరాదు. పూర్తిగా వట్టిపోయి పడియున్న ఘటము మరల ఛార్జి పట్టకపోవచ్చును. సగము నింపి చల్లని చోట పెట్టి, రెండు మూడు నెలలకొకసారి చూచుచుండవలెను. చెవి మందము గలవారు ఈ యంత్రమునే మందుగా నెంచక వైద్యుని చూడవలెను. నేనును ఆ పని చేసితిని.

మన యింట దీపమును ఆర్పుమని పెద్దలనరు, ఘనము చేయుమందురు. వెలిగించినవాడే దానిని మర్యాదగా ముగింపవలెనని యందలి భావమని నేను గ్రహించితిని. స్విచ్చి లేని వస్తువునకు మన చేయియే స్విచ్చి. ఇప్పుడు ప్రతి రాత్రియు కొసలను అంటించి, ఒకసారి తడిమి చూచుకొని పండుకొందును. ఆదివారమునాడు అక్కయ్య పిలుచును. మాట తెలియనిచో "సరే" యనుట మానితిని. "మరల చెప్పు అక్కయ్యా" యందును. ఆమె విసుగుకొనక మరల చెప్పును.

సెలవు.