ఆపుకోలేకపోవడం వయసు రోగం కాదు

నా మాట మొదలవగానే తల దించుకోబోయే మిత్రులకు నమస్కారం.

నేను డాక్టరును కాను, నీళ్ల పైపుల ఇంజనీరును. రెండేళ్ల కిందట ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఐదు నెలలు ప్యాడ్ పెట్టుకుని సైటుకు వెళ్లాను. దగ్గితే మూత్రం పడేది. ఆపరేషన్ సంగతి అడిగినవాళ్లు చాలామంది, దీని సంగతి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామమే నన్ను ఒడ్డున పడేసింది. కాన్పుల తర్వాత మూత్రం ఆగని ఆడవాళ్ల కోసం ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీవైద్యుడు 1948లో దీని గురించి రాశాడు. బిగింపు ఎంతుందో ముల్లు కదిలి చూపే గేజీని కూడా తయారుచేశాడు. నాకు బాగా నచ్చింది అదే. కంటికి కనిపించని కండరాన్ని కొలిచి చూపితే, దేన్ని బిగించాలో మనిషికి తెలుస్తుంది.

మూత్రసంచి అడుగున, ముందు నుంచి వెనుక తోక ఎముక దాకా, ఊయలలా కట్టిన కండరాలుంటాయి. అపానవాయువును ఆపుకునేటప్పుడు బిగిసేవి అవే. ఐదారు సెకన్లు బిగించి, అంతసేపూ వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు, పొట్టనూ తొడలనూ బిగించకూడదు. విడతకు ఎనిమిది పదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. నెలకే మానేసి పనిచేయలేదనడం, క్యూరింగ్ చేయకుండా మేస్త్రీని తిట్టడం లాంటిది.

మన వైపు ఇది ఆడవాళ్ల బాధే ఎక్కువ. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే ఆడకూతుళ్లు, మరుగు దొరకదని పొద్దున్నుంచి నీళ్లే తాగరు. చిక్కబడిన మూత్రం సంచిని ఇంకా రేపుతుంది, ఇన్‌ఫెక్షనూ తోడవుతుంది. కాన్పులు, ఆపై బరువులు కలిసి గర్భసంచి జారే ముప్పు పెంచుతాయి. "తీయించేసుకో, పీడ పోతుంది" అనే సలహా ఊళ్లో ఊరికే దొరుకుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు సుమారు ముగ్గురు, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిదిమంది. అవన్నీ జారుడు కేసులు కావు. అయినా, మొదటి దశలో ఈ వ్యాయామం, తర్వాత లోపల అమర్చే రింగు ఉన్నాయని వాళ్లలో ఎంతమందికి చెప్పారో నాకు అనుమానమే.

తలుపు తాళం తీసేలోగా తడిసిపోవడం ఇంకో రకం. అది సంచి తొందర. గంటకోసారి వెళ్లేవారు పదిహేను నిమిషాల చొప్పున పొడిగిస్తూ మూడు గంటల దాకా తెచ్చుకోవాలి. టీ, కాఫీ తగ్గించాలి. చాలకపోతే మందులున్నాయి.

మూత్రంలో రక్తం, జ్వరం, నొప్పి, అసలు రాకపోవడం ఉంటే వ్యాయామంతో కాలక్షేపం వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగరు పరీక్ష కూడా చేయించుకోండి. కర్నూలు పెద్దాసుపత్రిలో యూరాలజీ, గైనిక్ విభాగాలు రెండూ ఉన్నాయి. కృష్ణగిరి నుంచి తోడు కావాలంటే భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలవండి, సార్లయినా సరే.