నల్లరాతిలో నీలిపూలు



రంగురాళ్లనగానే ఉంగరమున పొదుగు వజ్రవైడూర్యములు స్ఫురించుట సహజము. కాని ఖనిజ సంగ్రాహకులు ప్రాణప్రదముగా దాచుకొను రాళ్లలో పెక్కింటికి నగలకు చాలినంత గట్టిదనము లేదు. అవి పుట్టిన రూపమే వాని సొగసు. అట్టివానిలో కావన్సైటు ఒకటి. మహారాష్ట్రమున పుణె చెంతనున్న వాఘోలీ కంకర క్వారీలు దానికి ప్రసిద్ధములు.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను భూమిపై లావా పొరలుపొరలుగా పారి నల్లరాయిగా గడ్డకట్టెను. రాజమహేంద్రవరము దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతములందలి నల్లరాయియు ఆ కాలమునాటిదే. చల్లారునపుడు చిక్కుకొన్న వాయువుల బుడగలు రాతిలో గూళ్లుగా మిగిలెను. పిమ్మట ఖనిజములు కరగిన నీరు ఆ గూళ్లలోనికి ఊరి, మెల్లమెల్లగా స్ఫటికములను పేర్చెను. తెల్లని సూదులవంటి స్కోలెసైటు, లేత గులాబిచాయ స్టిల్బైటు, గాజువలె మెరయు అపోఫిల్లైటు అట్లు పుట్టినవే. స్టిల్బైటు మొదలగువానిని జియోలైటులందురు. గ్రీకున దానికి 'ఉడుకు రాయి' యని అర్థము. కాల్చినపుడు లోని నీరు ఆవిరియై రాయి పొంగుట చూచి, 1756లో స్వీడను దేశీయుడు క్రాన్‌స్టెట్ ఆ పేరు పెట్టెను.

కావన్సైటును శాస్త్రజ్ఞులు 1973లో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమునుండి వర్ణించిరి. కాల్షియము, వనాడియము, సిలికాను అను మూడు పేర్ల తొలి భాగములు కలిసి దాని పేరయినది. నీలిరంగు వనాడియము చలువ. తెల్లని స్టిల్బైటుపై ముద్దబంతివలె విచ్చిన నీలిగుత్తులు విశేషముగా లభించినది మాత్రము వాఘోలీలోనే. అచటనే పెంటగొనైటు అను తోబుట్టువు కలదు. అందలి పదార్థములు అవే, కూర్పు వేరు. బియ్యము, మినుములు అవేయైనను ఇడ్డెన వేరు, అట్టు వేరు కదా!

క్వారీ త్రవ్వునది కంకర కొరకు, పూలకొరకు కాదు. సుత్తి పట్టిన కూలీ నీలిచుక్కను గుర్తించి చేయి ఆపనిచో అది మరయందు నలిగి బాటక్రింద పడును. కనుక తొలి సంగ్రాహకుడు ఆ కూలీయే. చీటీపై ఆతని పేరు మాత్రము సాధారణముగా ఎక్కదు.

చీటీ మాట వచ్చినది కావున చెప్పవలెను. ఆమ్లముతో కడిగిన జియోలైటు చెడును. నల్లరాతినుండి ఊడదీసిన గుత్తి సగము విలువ కోల్పోవును. అంతకంటె పెద్ద నష్టము ఊరిపేరు పోవుట. ఏ ఊరు, ఏ క్వారీ, ఏ తేది అని నాడే వ్రాసి రాతితో ఉంచవలెను. పాత సంగ్రహములలో ఎన్నో అందమైన రాళ్ల చీటీలపై 'పూనా' అని మాత్రమే యున్నది. అవి ఏ కొండవో నేడు చెప్పగలవారు లేరు.