ఆకాశవాణిలో మన వాటా ఎంత?

(శంషాబాద్ మండలంలోని ఒక వాడలో సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ నెల సమావేశానికి రేడియో ముచ్చట పెట్టుకున్నాం అనంగనే కొందరు నవ్వారు. "ఇండ్ల జాగలు తేలలేదు, కాంట్రాక్టు కూలి సరిగ్గ పడుతలేదు, గీ రేడియో లొల్లి ఎందుకు సారూ" అన్నారు. న్యాయమైన మాటే. అందుకే జాగ లెక్కతోనే మొదలుపెడదాం.

2008 మార్చి నుంచి మన నెత్తి మీద విమానాలు తిరుగుతున్నాయి. ఆ విమానాశ్రయానికి 5 వేల ఎకరాలకు పైగా భూమి పోయింది. పట్టా ఉన్నవాడి పేరు కాగితం మీద ఉంది. ఆ భూముల్లో కూలి చేసి బతికినవాళ్ల పేరు ఏ రిజిస్టర్లో ఉంది? ఇది మీకు కొత్తగా చెప్పేదేం కాదు. కానీ భూమిని పంచుకున్నట్టే ఆకాశాన్ని కూడా పంచుకున్నారని మనలో చాలామందికి తెలియదు. ఎఫ్.ఎం. రేడియో ముల్లు 88 నుంచి 108 దాకా తిరుగుతుంది. 108 దాటితే విమానాల వంతు. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్యన పైలట్లు, కంట్రోల్ టవర్ వాళ్లు మాట్లాడుకుంటారు. అంటే ఆకాశానికీ సర్వే నంబర్లున్నాయి, హద్దురాళ్లున్నాయి. ఏ నంబరు ఎవరిదో ఢిల్లీలో రాసి పెట్టారు.

మరి ఈ ఆకాశానికి పట్టాదారు ఎవరు? 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. క్రికెట్ ఆటను టీవీలో చూపించే హక్కు గురించి బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ నడిచిన కేసు అది. మన తెలుగువాడు జస్టిస్ జీవన్ రెడ్డి కూడా ఆ బెంచీలో ఉన్నారు. రేడియో, టీవీ తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలి, అవి సర్కారు గుప్పిట్లో ఉండకూడదు, డబ్బున్నోళ్ల గుత్తకూ పోకూడదు అని ఆ తీర్పు సారం. ప్రజల ఆస్తి అన్న తర్వాత అందులో మన వాటా ఎంత అని అడగడం మన హక్కు. ఇయ్యాల మన ముచ్చట అదే.

నిజాం కాలంలో 1935 నుంచి దక్కన్ రేడియో నడిచింది. 1950లో అది భారత ప్రభుత్వం చేతికి వచ్చి ఆలిండియా రేడియో హైదరాబాద్ కేంద్రం అయింది. రాజ్యం మారింది, జెండా మారింది. మైకు ముందు కూర్చున్న కులాలు మారినయా? మనోళ్లు రేడియోను ఎక్కడి నుంచి విన్నారో పెద్దలను అడగండి. పంచాయతీ రేడియో ఊరి నడుమ చావడిలో ఉండేది. పెద్ద కులాలోళ్లు అరుగు మీద కూర్చుని వినేవాళ్లు. మనవాళ్లు దూరంగా నిలబడి, గాలి ఎటు వీస్తే అటు చెవి పెట్టి వినేవాళ్లు. సొంత రేడియో కొంటే పోస్టాఫీసులో లైసెన్సు ఫీజు కట్టాలి. దినకూలీ ఇంట్లో రేడియో ఎట్ల మోగుతుంది?

సరే, ఒక దినం రేడియో ఎట్ల గడిచేదో యాది చేసుకుందాం. పొద్దుగాల భక్తిరంజని. తర్వాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. పగలు స్త్రీల కార్యక్రమం. పొద్దుగూకంగ ప్రాంతీయ వార్తలు, పొలం ముచ్చట్లు. రాత్రి ప్రసంగాలు, నాటకాలు. అందులో మంచి లేదని మేము అనడం లేదు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే పని ఆపి విన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. ఎందుకు విన్నారు? ఆ ఇద్దరూ పంతులు పాఠం చెప్పినట్టు కాకుండా పక్కింటోళ్లు ముచ్చట పెట్టినట్టు మాట్లాడేవాళ్లు గనుక.

కానీ పొలం కార్యక్రమం చూడండి. "రైతు సోదరులారా" అని మొదలవుతుంది. ఎకరానికి ఎన్ని బస్తాల యూరియా వెయ్యాలి, పురుగుమందు ఎన్ని లీటర్ల నీళ్లలో కలపాలి అని శాస్త్రవేత్త చెబుతాడు. ఆ మాట భూమి ఉన్నవాడికి. మందు డబ్బా వీపున కట్టుకుని కొట్టేవాడు ఎవరు? మన వాడ పిలగాడు. మూతికి గుడ్డ కట్టుకోవాలి, గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు, కండ్లు తిరిగితే ఏం చెయ్యాలి, ఆ దినం కూలి ఎవరివ్వాలి అని ఆ పిలగాడినే పేరు పెట్టి పిలిచి చెప్పే రేడియో ఏది? నాటు వేసే అక్కకు కనీస కూలి ఎంతో చెప్పిన ప్రసంగం ఎన్నిసార్లు విన్నాం? రేడియోలో రైతు ఉన్నాడు, కూలి లేడు.

ఇంకో సంగతి. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారు రామాయణ భారతాలు చెబితే ఊర్లకు ఊర్లు విన్నాయి. 'ధర్మసందేహాలు' అని కార్యక్రమం నడిచింది. జనం పురాణాల మీద అనుమానాలు రాసేవాళ్లు, పండితుడు తీర్చేవాడు. మన సందేహం ఒకటే: ఊరికి ఒక బావి, వాడకు ఒక బావి ఏ ధర్మం? ఆ సందేహాన్ని ఏ పండితుడు తీరుస్తాడు? పురాణం చెప్పడానికి గంటలు దొరికాయి. జాంబపురాణం చెప్పే మన డక్కలోళ్లకు, చిందోళ్లకు ఎన్ని గంటలు దొరికాయి?

"మనోళ్లకు మైకు ముందు మాట్లాడరాదు" అని ఎవడన్నా అంటే చరిత్ర చూపించండి. 1942లో బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉండి, యుద్ధంలో కార్మికులు ఎందుకు గెలవాలనుకుంటున్నారో రేడియోలో వివరించారు. 1954 అక్టోబర్ 3న ఆలిండియా రేడియోలోనే తన జీవన తత్వం చెప్పారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మూడు మాటలనూ తాను ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకోలేదని, బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నానని వివరించారు. 1956 మే నెలలో బౌద్ధం తనకు ఎందుకు నచ్చిందో బి.బి.సి.లో చెప్పారు. మన మహాకవి జాషువా 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. మాట మన దగ్గర ఎప్పుడూ కరువు లేదు, మైకే కరువు. ఒక్క బాబాసాహెబ్, ఒక్క జాషువా లోపలికి పోతే వాడంతా లోపలికి పోయినట్టు కాదు. ఏప్రిల్ 14 వచ్చినప్పుడు ఒక ప్రసంగం పెట్టి, మిగతా దినాలు మనల్ని మరిచిపోతే అది వాటా అనిపించుకోదు.

"గీ కాలంల రేడియో ఎవరింటున్నరు సారూ, అందరి చేతుల ఫోన్లున్నయి" అంటారు తమ్ముళ్లు. ఎయిర్‌పోర్టు కార్లు నడిపే మన పిల్లలు పొద్దంతా ఏం వింటున్నారో మీకే తెలుసు. ఆ ఫోన్లోనే రేడియో కూడా వస్తుంది. ప్రధానమంత్రి అంతటివాడు 2014 అక్టోబర్ 3న 'మన్ కీ బాత్' అని నెలనెలా రేడియోలో మాట్లాడడం మొదలుపెట్టాడు. పనికిరాని దాని దగ్గరికి పెద్దోళ్లు ఎందుకు పోతారు? ఆయన మనసులో మాట దేశం వింటుంది. కూలోళ్ల మనసులో మాట వినే దినం ఏది? యూట్యూబులో మనోళ్లు గట్టిగా మాట్లాడుతున్నారు, సంతోషం. కానీ అది కంపెనీ జాగ. మన గుడిసె అక్కడ ఎన్నాళ్లు ఉంచుతాడో వాడి ఇష్టం. రేడియో మన పన్నుల పైసలతో నడిచేది.

ఇంకో దారి కూడా ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరు. అక్కడి సంఘం అక్కలు, ఎక్కువమంది మన దళిత ఆడబిడ్డలు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో సొంత రేడియో పెట్టుకున్నారు. 1998 నుంచే ముచ్చట్లు, పాటలు రికార్డు చేసి క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించుకున్నారు. ఊరోళ్లు సొంతంగా రేడియో నడపడానికి అప్పటికి అనుమతే లేదు. 2006లో కేంద్రం విధానం మార్చిన తర్వాత, 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. మన దగ్గర విమానం లేచిన ఏడాదే అక్కడ మన అక్కల గొంతు లేచింది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపారు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పండుగలు, నాటు మందులు, అన్నీ వాళ్ల యాసలోనే. మైకు ముందు కూర్చోవడానికి డిగ్రీ అక్కరలేదని ఆ అక్కలు రుజువు చేశారు.

అయితే ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఇటువంటి సామాజిక రేడియోలకు సొంతంగా వార్తలు చెప్పే హక్కు ఇవ్వలేదు. ప్రైవేటు ఎఫ్.ఎం.లకూ సొంత వార్తలు లేవు, ఆకాశవాణి వార్తలే తిరిగి వినిపించాలి. విత్తనం గురించి చెప్పొచ్చు, పాట పాడొచ్చు. రాత్రి వాడ మీద పడి కొట్టిన సంగతి మాత్రం వార్తగా చెప్పొద్దు. ఈ దేశంలో రేడియో వార్త ఆకాశవాణి ఒక్కదాని చేతిలోనే ఉంది. అందుకే సొంత రేడియో పెట్టుకున్నా సర్కారు రేడియోను వదులుకోలేం. అక్కడ మన మాట లేకపోతే రేడియోలో మన బతుకు వార్తే కాదు.

మన చేతిలో చట్టం ఉంది. ప్రసార భారతి చట్టం 1990లో చేశారు. ఏడేండ్లు అటక మీద పెట్టి 1997లో అమలు చేశారు. దాని 12వ సెక్షన్ చదవండి. సామాజిక న్యాయం పెంచడం, దోపిడీ మీద, అంటరానితనం మీద పోరాడడం, బలహీన వర్గాల మేలు, కార్మికుల హక్కుల రక్షణ, ఇవన్నీ ఆ సంస్థ విధులని రాసి ఉంది. మనం దయ అడగడం లేదు. రాసుకున్న పని చేయమంటున్నాం.

ఇక చెయ్యాల్సిన పని. ఒక దినం అనుకుందాం. పొద్దున ఆరు గంటల నుంచి రాత్రి పది దాకా, చదువుకున్న పిల్లలు వంతుల వారీగా ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం వినాలి. నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయాలి. ఎవరు మాట్లాడారు, దేని మీద మాట్లాడారు, ఎవరిని పిలిచి మాట్లాడారు, ఎవరి యాసలో మాట్లాడారు. పాటలు వదిలేయండి, మాటలే రాయండి. చదువురాని అవ్వలు కూడా పక్కన కూర్చోవాలి. 'గిది మన ముచ్చటనా, కాదా' అని తేల్చేది వాళ్లే.

ఆ పుస్తకం ముందర పెట్టుకుని 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాద్దాం. ఫీజు 10 రూపాయలు. పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అది కూడా లేదు. 30 దినాల్లో జవాబివ్వాలి. పోయిన ఏడాది ప్రసంగాలకు ఎవరెవరిని పిలిచారు, వ్యవసాయ కూలీల కోసం ఎన్ని కార్యక్రమాలు చేశారు, అంటరానితనం మీద 12వ సెక్షన్ ప్రకారం ఏమేం చేశారు అని అడుగుదాం. జవాబు వచ్చినంక మన కోరికలు పట్టుకుని స్టేషన్‌కు పోదాం. కూలీల కోసం వారానికి ఒక కార్యక్రమం ఉండాలి. ఎయిర్‌పోర్టులో ఊడ్చే అక్కలు, ట్రాలీలు నెట్టే తమ్ముళ్లు, రాత్రి కాపలా ఉండే అన్నలు తమ కూలి గురించి, పనిగంటల గురించి తామే మాట్లాడాలి. మైకు పట్టుకుని రేడియోవాళ్లే వాడకు రావాలి.

వచ్చే ఆదివారం దినం ఖాయం చేద్దాం. నోటు పుస్తకాలు మేము తెస్తాం. ఎవరింట్లోనన్నా పాత ట్రాన్సిస్టర్ ఉంటే కొత్త సెల్లులు వేసి పట్టుకరండి. పొద్దున ఆరు గంటల వంతుకు ఎవరు కూర్చుంటారో ఇప్పుడే పేర్లు చెప్పండి.

జై భీమ్.