నొప్పి చేతిలో, మూలం మెదడులో



మన ఇళ్ళలో ఫాలిజ్ అని చెప్పుకునే పక్షవాతం అందరం ఎరిగినదే. చెయ్యి పడిపోతుంది, మాట పడిపోతుంది. అది కొంత నెమ్మదించాక, వారాలకో నెలలకో కొందరికి మొదలయ్యే ఒక నొప్పి సంగతి మాత్రం చాలామందికి తెలియదు. జబ్బు చేసిన వైపు చెయ్యో, కాలో, ముఖమో మండుతుంది. సూదులు గుచ్చినట్టుంటుందంటారు. దుప్పటి తగిలినా, ఫ్యాను గాలి సోకినా ఓర్చుకోలేరు. చూడబోతే వాపు లేదు, గాయం లేదు. ఎక్స్‌రే తీస్తే ఎముక బాగానే ఉంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "అంతా బహానా, సేవలు చేయించుకోడానికి" అంటారు. ముసలి ప్రాణానికి నొప్పికంటే ఆ మాటే ఎక్కువ బాధ.

ఇది బహానా కాదు. 1906లో పారిస్‌లో దెజెరిన్, రూసీ అనే ఇద్దరు వైద్యులు ఇటువంటి రోగుల మెదళ్ళను మరణానంతరం పరీక్షించి, లోపం థాలమస్ దగ్గరుందని చూపించారు. థాలమస్ అంటే మెదడు నడిమధ్యన చిన్న గుడ్డు ఆకారంలో, కుడికొకటి ఎడమకొకటి ఉండే భాగం. వాసన తప్ప ఒంటికి తెలిసే ప్రతి కబురూ అక్కడ ఆగి పైకి పోవలసిందే. అక్కడ గానీ, వేడి, చలి, నొప్పి కబుర్లు మోసే దారిలో మరోచోట గానీ దెబ్బతింటే, చేతిలో ఏమీ లేకున్నా మెదడుకు నొప్పిగానే తెలుస్తుంది. టెలిఫోను ఎక్స్చేంజిలో తీగలు చెడి, ఎవరూ పిలవకుండానే గంట మోగినట్టన్నమాట. మోగడం మాత్రం నిజమే గదా!

అందుకే మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, లామోట్రిజిన్ వంటి మందులు వైద్యులు ఇస్తారు. అందరికీ గుణమివ్వవు, ఇచ్చినా తగ్గుతుందేగాని బొత్తిగా పోదు. మగత, తూలు వస్తాయి గనుక పక్కింటివారి చీటీ చూసి కొనిపెట్టకండి. భుజం పట్టేసి వచ్చే నొప్పి వేరు, దాని చికిత్సా వేరు. డాక్టరు దగ్గర ఉత్త "నొప్పి" అని ఊరుకోకుండా, మంటగా ఉందా, తాకితే పెరుగుతుందా, ఎప్పుడు మొదలైందీ చెప్పాలి.

ఇంకొక్క మాట. వీరిలో చాలామందికి చన్నీళ్ళు తగిలితే ప్రాణం పోయినంత పని. ఫజర్ వేళ వుజూ అంటేనే భయపడతారు. నీళ్ళు వెచ్చచేసి ఇవ్వండి. స్పర్శ సరిగా తెలియని చెయ్యి గనుక వేడి ఎంతో ముందు మీరే చూడండి. నీళ్ళే పడవంటే తయమ్ముమ్ సంగతి మౌల్వీసాబును అడగండి. రోగికి ఆ వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది.